మూర్ఛలు - వాని భేదములు - ఔషధములు



ఊరిలో ఒకరికి మూర్ఛ వచ్చినదనగానే నలుగురు గుమిగూడుదురు. ఒకరు తాళపుచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టుదురు. ఒకరు ఉల్లిగడ్డ చితుకగొట్టి ముక్కు దగ్గర పెట్టుదురు. మరియొకరు చెప్పు వాసన చూపుదురు. రెండు మూడు నిమిషములలో కొట్టుకొనుట ఆగును. తాళపుచెవులే ప్రాణము కాపాడినవని అందరును నమ్ముదురు. నిజమేమనగా, మూర్ఛలలో పెక్కు రెండు మూడు నిమిషములలో తమంతట తామే ఆగిపోవును. గుత్తి లేకున్నను ఆగును. ఆగవలసిన సమయమునకు చేతిలో ఏది ఉన్న దానికి ఆ కీర్తి దక్కినది.

పిమ్మట రోగిని చందూరు నుండి బోధనుకో, నిజామాబాదుకో తీసికొనిపోవుదురు. అప్పటికి మూర్ఛ తీరిపోయి యుండును. వైద్యుని యెదుట కూర్చున్నది అలసిన మనుష్యుడు మాత్రమే. తనకేమి జరిగినదో అతడే యెరుగడు. జ్వరమైనచో వైద్యుడు చేయిపట్టి చూడగలడు. ఎముక విరిగినచో ఎక్స్‌రే తీయించగలడు. మూర్ఛను మాత్రము వైద్యుడు స్వయముగా చూచుట అరుదు. చూచినవారు ఇంటివారు, ఇరుగుపొరుగువారు, కూలికి కలిసి వచ్చినవారు, బడిపంతులు. వారి మాటను బట్టియే మూర్ఛ ఏ రకమో తేలును. రకమును బట్టియే మందు నిర్ణయమగును. ఒక రకమునకు మేలు చేయు మందు మరియొక రకమును ముదిరింపజేయుట కలదు. కావున ఈ వ్యాధిలో సగము వైద్యము చూచినవాని కన్నులలో నున్నది. తక్కిన సగము, ఇచ్చిన మందును మానకుండుటలో నున్నది. నేటి ప్రసంగమునకు ఈ రెండు మాటలే ప్రధానము.

మూర్ఛ యనగా నేమి?

ఈ వ్యాధిని ఆయుర్వేదము అపస్మారమన్నది. స్మృతి తొలగిపోవుట యని దాని యర్థము. చరకసంహిత అపస్మారమును నాలుగు విధములుగా విభజించినది. తెలుగు పెద్దలు దీనిని కాకిసొమ్మ యనియు అనిరి. గాలి సోకినదనియు, దయ్యము పట్టినదనియు అనుకొనుట మన దేశముననే కాదు, అన్ని దేశములలోను ఉండెను. సుమారు 2,400 సంవత్సరముల క్రిందట గ్రీకుదేశమున హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథమొకటి, ఇది దేవతలు పంపిన వ్యాధి కాదనియు, మెదడునుండి పుట్టునదనియు వాదించినది. ఆ మాట నిజమని కంటికి కనబడునట్లు చూపినది జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్ కనిపెట్టిన యంత్రము. ఆయన 1924లో మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను మొదటిసారి నమోదు చేసి, 1929లో ఆ విషయమును ప్రకటించెను. నేడు ఈ.ఈ.జి. అని పిలుచు పరీక్ష అదియే.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. అవి స్వల్పమైన విద్యుత్తుతో ఒకదానితో నొకటి మాటలాడుకొనును. నిజాంసాగరు కాలువ క్రింద సేద్యము చేయువారికి దీనిని తెలుపుట సులభము. తూములు వంతుల ప్రకారము తెరచినచో అన్ని పొలములు పారును. తూములన్నియు ఒక్కసారిగా తెరచుకొన్నచో గట్లు తెగి పైరు మునుగును. మెదడులోని కణములు వంతు తప్పి, పెద్ద గుంపుగా ఒక్కసారి విద్యుత్తును విడిచినప్పుడు వచ్చునదే మూర్ఛ. తెగిన గట్టు ఏ పొలము వైపున నున్నదో ఆ పొలమే మునిగినట్లు, మెదడులో ఏ భాగము చెదరినదో ఆ భాగపు పనియే దేహమున తారుమారగును. మూర్ఛలు పలువిధములుగా నుండుటకు కారణమిదియే.

ఒక్కసారి మూర్ఛ వచ్చినంత మాత్రమున అది మూర్ఛవ్యాధి కాదు. తగిన తాత్కాలిక కారణమేదియు లేకుండ, ఒక దినమునకు మించిన యెడముతో రెండుసార్లు వచ్చినప్పుడుగాని, ఒకసారి వచ్చి మరల వచ్చు అవకాశము మిక్కుటముగా నున్నదని పరీక్షలు తెలిపినప్పుడుగాని వైద్యులు ఆ పేరు పెట్టుదురు.

మూర్ఛలలోని భేదములు

మూర్ఛలు ముఖ్యముగా రెండు తెగలు. మెదడులో ఒక చోట మొదలగునవి పాక్షిక మూర్ఛలు. మొదటినుండియు మెదడు రెండు వైపుల నావరించునవి సంపూర్ణ మూర్ఛలు.

పాక్షిక మూర్ఛలో ఒక చేయి మాత్రమే కొట్టుకొనవచ్చును. నోరు ఒక ప్రక్కకు లాగవచ్చును. కడుపులోనుండి ఏదో పైకి ఎగదన్నినట్లు తోచవచ్చును. లేని వాసన ముక్కుకు సోకవచ్చును. రోగికి స్పృహ ఉండవచ్చును, లేకపోవచ్చును. స్పృహ చెదరినవాడు క్రింద పడడు. కూర్చున్నచోటనే శూన్యముగా చూచుచు, పెదవులు చప్పరించుచు, బట్టల కొసలు పిసుకుచు, పిలిచిన పలుకకుండును. ఒకటి రెండు నిమిషముల పిమ్మట తెలివి వచ్చును. దీనిని చూచినవారు పిచ్చి యనుకొందురు. దయ్యము పట్టినదని భూతవైద్యునియొద్దకు తీసికొనిపోవుదురు. పాక్షికముగా మొదలైన మూర్ఛ క్షణములలో దేహమంతట వ్యాపించుటయు కలదు. అందుచేత మొదట కదలినది ఏ చేయి, తల ఏ వైపు తిరిగినది, అను సంగతి వైద్యునికి మిక్కిలి విలువైనది.

సంపూర్ణ మూర్ఛలలో అందరెరిగినది దేహమంతయు బిగుసుకొని కొట్టుకొనునది. రోగి ఒక్కసారి అరచి పడిపోవును. దేహము కట్టెవలె బిగియును. పిమ్మట కాలుసేతులు కొట్టుకొనును. నోట నురుగు వచ్చును, నాలుక కరచుకొనవచ్చును, బట్టలలో మూత్రము పోవచ్చును. దీనిని వైద్యులు టానిక్-క్లోనిక్ మూర్ఛ యందురు.

రెండవది పిల్లలలో వచ్చు ఆబ్సెన్స్ మూర్ఛ. చదువుచున్న పిల్ల హఠాత్తుగా ఆగి, పది సెకండ్లో పదునైదు సెకండ్లో రెప్పలార్చుచు చూచుచుండును. మరల ఆగినచోటినుండి చదువును. పడదు, కొట్టుకొనదు. ఇట్లు దినమునకు పదులసార్లు రావచ్చును. పాఠము నడుమ నడుమ ఆ పిల్లకు తెగిపోవుచుండును. పంతులు పరధ్యానమని కొట్టును. తల్లిదండ్రులు చదువు రాదని మాన్పింతురు. దెబ్బకు మానునది కాదిది, మందుకు మానునది.

మూడవది మయోక్లోనిక్ మూర్ఛ. ఇది సాధారణముగా పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమున బయటపడును. ఉదయము లేచిన వెంటనే చేతులు ఉలికిపడును. చేతిలోని చెంబో, టీ గ్లాసో ఎగిరిపడును. రాత్రి మేలుకొన్న మరునాడు ఇది హెచ్చును. పరీక్షలకు తెల్లవార్లు చదివిన పిల్లలకును, పెండ్లిండ్లలో జాగారము చేసిన యువకులకును తొలిసారి పెద్దమూర్ఛ తరచుగా ఇట్లే వచ్చును. ఉదయపు ఉలికిపాటును ఎవరును రోగమని చెప్పరు. వైద్యుడు అడిగినప్పుడే బయటపడును. ఇవి గాక, పట్టు వదలి గభాలున కూలిపోవు అటానిక్ మూర్ఛ, బిగుసుకొని ఆగిపోవు టానిక్ మూర్ఛ కలవు.

స్పృహ తప్పిన ప్రతివాడును మూర్ఛరోగి కాడని కూడ గుర్తింపవలెను. ఎండలో చెరకు నరుకుచు కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోయినవాడు, మధుమేహమునకు మందు వేసికొని అన్నము తినక పడిపోయినవాడు, గుండె లయ తప్పి పడిపోయినవాడు, వీరి వైద్యములు వేరు.

కారణములు

కొందరిలో వ్యాధి వంశపారంపర్యముగా వచ్చు లక్షణమువలన కలుగును. కొందరిలో కాన్పు సమయమున బిడ్డ మెదడునకు ప్రాణవాయువు చాలక కలుగును. తలకు దెబ్బ, మెదడువాపు జ్వరము, పక్షవాతము, గడ్డ, ఇవియు కారణములే. ఎందరికో ఎన్ని పరీక్షలు చేసినను కారణము కనబడదు.

మన దేశమున విరివిగా కనబడు కారణమొకటి ప్రత్యేకముగా చెప్పదగినది. పంది మాంసమునకు చెందిన బద్దెపురుగు కడుపులో నున్న మనుష్యుని మలమునుండి దాని గ్రుడ్లు నేలమీదికి, నీటిలోనికి, ఆకుకూరల మీదికి చేరును. కడుగని కూరతోనో, కడుగని చేతితోనో అవి మరియొకరి కడుపులోనికి పోయి, రక్తము వెంట మెదడునకు చేరి, తిత్తులుగా నిలుచును. ఆ తిత్తి చుట్టు వాచినప్పుడు మూర్ఛ వచ్చును. జన్మలో మాంసము ముట్టనివారికిని ఇది వచ్చుట అందుచేతనే. మరుగుదొడ్డి, సబ్బు, కడిగిన కూర, ఇవి మూర్ఛకు కూడ మందులని అనుట అతిశయోక్తి కాదు. స్కానింగులో తిత్తి కనబడినచో మూర్ఛ మందుతో పాటు ఆల్బెండజోలు, వాపు తగ్గించు స్టెరాయిడు, వైద్యుని పర్యవేక్షణలోనే ఇవ్వవలెను.

దక్షిణ భారతమున, విశేషముగా కర్ణాటకమున, కనబడు విచిత్రమైన మూర్ఛ వేడినీటి మూర్ఛ. తలంటి స్నానమునకు కాగిన నీరు చెంబుతో తలపై వెంట వెంట పోసినప్పుడు వచ్చును. 1945లో న్యూజీలండులో దీనిని తొలిసారి వర్ణించిరి. గోరువెచ్చని నీటితో మెల్లగా తల తడుపుకొన్న చాలమందికి రాకుండును. చాలనివారికి తలస్నానమునకు ముందు క్లోబజామ్ అను మాత్ర నిచ్చు పద్ధతి కలదు.

ఆరునెలలనుండి ఐదేండ్లలోపు పిల్లలకు జ్వరము హెచ్చినప్పుడు వచ్చు మూర్ఛ వేరు. వారిలో అధికసంఖ్యాకులకు అది వయస్సుతో పోవును. ప్రతిదినము మందు అక్కరలేదు. అయినను తొలిసారి వచ్చినప్పుడు మెదడువాపు కాదని తేల్చుకొనుటకు ఆసుపత్రికి పోయి తీరవలెను.

నిజామాబాదు జిల్లా మరవరాని సంఘటన ఒకటి కలదు. 2015 సెప్టెంబరులో కల్తీకల్లుపై తెలంగాణ ప్రభుత్వము కఠినముగా దాడులు జరుపగా, ఈ జిల్లాలోను, మహబూబ్‌నగర్ మొదలగు జిల్లాలలోను అలవాటుపడినవారు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలైరి. చేతులు వణకినవి, వింత మాటలు పలికిరి, పెక్కుమందికి మూర్ఛలు వచ్చినవి. ఇందు వింత ఏమియు లేదు. కల్తీకల్లులో కలుపుచుండినవి ఆల్ప్రజోలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేటు. మెదడును జోకొట్టు మందులివి. వీనిలో డయజిపామ్ ఆసుపత్రిలో మూర్ఛను ఆపుటకు సూదిగా ఇచ్చునదే. ఏండ్ల తరబడి జోకొట్టబడిన మెదడునకు ఆ మందు ఒక్కసారిగా అందకున్నచో, అణగియున్న విద్యుత్తు ఎగసిపడును. అట్టి అలవాటు గలవారు మానవలసినదే. కాని వైద్యుని సహాయముతో మెట్టు మెట్టుగా మానవలెను. మూర్ఛకు మందు వాడువారును ఆ సంఘటననుండి నేర్వవలసినది ఇదియే: మందును హఠాత్తుగా మానుట మూర్ఛను పిలుచుట.

ఔషధముల కథ

1857 వరకు ఈ వ్యాధికి నికరమైన మందు లేదు. ఆ సంవత్సరమున లండనులో సర్ చార్లెస్ లోకాక్ బ్రోమైడు గుణమిచ్చినదని ప్రకటించెను. అది మూర్ఛతో పాటు మనుష్యుని చురుకును కూడ అణచెడిది. 1912లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్, నిద్రకై రోగులకిచ్చిన ఫినోబార్బిటోన్ వలన మూర్ఛలు తగ్గుట గమనించెను. 1938లో అమెరికాలో మెరిట్, పట్నమ్ అను ఇద్దరు వైద్యులు ఫినిటాయిన్ అను మందు నిద్ర కలిగింపకయే మూర్ఛను ఆపునని చూపిరి. 1953లో స్విట్జర్లాండులో కార్బమజెపీన్ తయారైనది. 1960వ దశకపు ఆరంభమున ఫ్రాన్సులో, ఇతర మందులను కరగించుటకు వాడుచుండిన వాల్‌ప్రోయిక్ ఆమ్లమే మూర్ఛను ఆపుచున్నదని అనుకోకుండ తెలిసినది. 1999లో అమెరికాలో అనుమతి పొందిన లెవిటిరాసెటామ్ నేడు విరివిగా వాడుకలో నున్నది.

ఏ మూర్ఛకు ఏ మందు అను ప్రశ్నకు సంగ్రహముగా సమాధానమిది. పాక్షిక మూర్ఛలకు కార్బమజెపీన్, ఆక్స్‌కార్బజెపీన్, లామోట్రిజిన్, లెవిటిరాసెటామ్, ఫినిటాయిన్ పనిచేయును. దేహమంతయు కొట్టుకొను మూర్ఛకు వాల్‌ప్రోయేటు, లెవిటిరాసెటామ్, లామోట్రిజిన్, ఫినోబార్బిటోన్ మొదలగునవి వాడుదురు. ఆబ్సెన్స్ మూర్ఛకు ఎథోసక్సిమైడు, వాల్‌ప్రోయేటు శ్రేష్ఠము. ఉలికిపాటు మూర్ఛకు వాల్‌ప్రోయేటు, లెవిటిరాసెటామ్. ఇచ్చటనే చూచినవాని మాట విలువ తెలియును. కార్బమజెపీన్, ఫినిటాయిన్ పాక్షిక మూర్ఛకు మంచి మందులే. కాని ఆబ్సెన్సును, ఉలికిపాటును అవి హెచ్చింపగలవు. ఉదయమున గ్లాసు ఎగిరిపడుచున్న సంగతి తల్లి చెప్పనిచో, బిడ్డకు తప్పుమందు పడవచ్చును. మందు వేసినకొలది రోగము పెరుగవచ్చును.

ప్రతి మందునకును ఇబ్బందులు కలవు. ఫినోబార్బిటోన్ మిక్కిలి చౌక. కాని మత్తు కలిగించును, కొందరు పిల్లలలో చిరాకును పెంచును. ఫినిటాయిన్ చిరకాలము వాడినచో చిగుళ్లు వాచును. మోతాదు కొంచెము హెచ్చినను నడక తూలును. కార్బమజెపీన్, లామోట్రిజిన్ కొందరికి దద్దుర్లు కలిగించును. దద్దురుతో పాటు జ్వరము, నోటిపూత వచ్చినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. లెవిటిరాసెటామ్ కొందరికి కోపము, దిగులు కలిగించును. వాల్‌ప్రోయేటు గర్భమునందలి శిశువునకు అవయవలోపములను, బుద్ధిమాంద్యమును కలిగింపగలదు. అందుచేత ఆడపిల్లలకు, బిడ్డలు కనవలసిన ప్రాయము వారికి వేరు మందు పనిచేసినచో దానినే యిత్తురు. కాని గర్భము నిలిచినదని తెలియగానే భయపడి తమంతట తాము మందు మానరాదు. పెద్దమూర్ఛ తల్లికిని బిడ్డకును ప్రమాదము. గర్భమునకు ముందే వైద్యునితో ఆలోచించి మందు మార్చుకొని, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వాడుట మంచిది.

మానరాని మందు

ప్రపంచారోగ్యసంస్థ అంచనాలో ఈ వ్యాధి గలవారు ప్రపంచమున సుమారు 5 కోట్లమంది. సరియైన మందును సరిగా వాడినచో వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ బ్రదుకవచ్చునని ఆ సంస్థ చెప్పుచున్నది. కాని మందు మూర్ఛను ఆపును. చాలమందిలో మూలమును తీయదు. ఆరునెలలు మూర్ఛ రాకపోగా, తగ్గినదనుకొని మానుదురు. మూర్ఛ రాకపోవుట రోగము పోయినదనుటకు గురుతు కాదు. మందు పనిచేయుచున్నదనుటకు గురుతు. కనీసము రెండేండ్లు మూర్ఛ లేకుండ గడచిన పిమ్మట, రకమును బట్టి, పరీక్షలను బట్టి, వైద్యుడే నెలల తరబడి మెల్లగా తగ్గించును. ఉలికిపాటు మూర్ఛవంటి కొన్ని రకములకు చాలకాలము వాడవలసియుండును. రెండు మందులు సరిగా వాడినను లొంగనివారికి, ఎన్నుకొన్న సందర్భములలో శస్త్రచికిత్స కలదు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఆ చికిత్స జరుగుచున్నది. గల్ఫుదేశములకు పోవువారు వైద్యుని చీటీని వెంట నుంచుకొనవలెను; ఫినోబార్బిటోన్, క్లోబజామ్ వంటి మందులకు అచ్చట కట్టుబాట్లు కలవు.

మందు మానుటకు మరియొక కారణము సిగ్గు. ఆడపిల్లకు మూర్ఛ యున్నదని తెలిసినచో సంబంధము రాదని తల్లిదండ్రులు దాచుదురు. అత్తవారింట మందుసీసా కనబడరాదని పిల్ల మందు మానును. పెండ్లి పనులలో నిద్ర లేదు, మందు లేదు, కొన్ని దినములలోనే మూర్ఛ వచ్చును. దాచినదంతయు నలుగురిలో బయటపడును. మోసము చేసిరని మాట పడును. దాచుటవలన పిల్ల కాపురమును కాపాడబోయినవారే దానిని చెడగొట్టినవారగుదురు. చట్టము సైతము కొంతకాలము ఈ భయమునకు తోడ్పడినది. 1976లో చేసిన సవరణ హిందూ వివాహ చట్టములో మాటిమాటికి వచ్చు మూర్ఛను వివాహమునకు ఆటంకముగా చేర్చినది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. నేడు మూర్ఛ వివాహమునకు చట్టరీత్యా అడ్డు కాదు. మందుతో అదుపులో నున్నవారు వివాహమాడి, బిడ్డలను కని, ఉద్యోగములు చేసి సుఖముగా నున్నారు. ముందుగా చెప్పి, మందు వాడుచు, అత్తవారింటనే మాత్రను అందరి యెదుట వేసికొనగల పిల్లయే క్షేమముగా నుండును.

మూర్ఛ వచ్చినప్పుడు

గడియారము చూడవలెను. ఇది మొదటి పని. దగ్గర నున్న రాళ్లను, కొడవలిని, నిప్పును తొలగింపవలెను. తల క్రింద మడిచిన తువాలు పెట్టవలెను. మెడ దగ్గర బిగువును వదులు చేయవలెను. కొట్టుకొనుట తగ్గగానే ప్రక్కకు ఒత్తిగిల పండబెట్టవలెను. నోటిలోని నురుగు బయటికి పోవును. కాలుసేతులు అదిమి పట్టరాదు. నోటిలో చెంచా, కట్టె, వ్రేలు పెట్టరాదు. పండ్లు విరిగి గొంతులో పడవచ్చును. పూర్తిగా తెలివి వచ్చువరకు నీరు, మందు నోట పోయరాదు. మూర్ఛ ఐదు నిమిషములు దాటినను, ఒకటి తీరకమునుపే మరియొకటి వచ్చినను, గర్భిణి యైనను, దెబ్బ తగిలినను, నీటిలో వచ్చినను, తొలిసారి యైనను వెంటనే 108కి ఫోను చేయవలెను. ముక్కులో చల్లు మిడజొలామ్ మందును వైద్యుడు ముందే ఇచ్చియున్నచో ఐదు నిమిషములు దాటగానే వాడవలెను.

కాలువల ప్రాంతమున ఒక హెచ్చరిక అవసరము. ఈతవచ్చినవాడైనను మూర్ఛలో మునుగును. నాటుమడిలో చీలమండ లోతు నీటిలో బోర్లపడినను ఊపిరాడక పోవును. మూర్ఛలు అదుపులోనికి రానివారు కాలువకు, బావికి, మడికి ఒంటరిగా పోరాదు. ట్రాక్టరు, మోటారుసైకిలు నడుపరాదు. పొయ్యి దగ్గర ఒంటరిగా నుండరాదు. పని మానుమనుట కాదు; తోడు ఉండవలెననుట.

ఇంట ఒక చిన్న పుస్తకము ఉంచవలెను. ఏ దినమున, ఎన్ని గంటలకు, ఎంతసేపు. మొదట కదలినది ఏది. కన్నులు తెరచియున్నవా, మూసియున్నవా. ముందు రాత్రి నిద్ర యున్నదా. మందు వేసికొన్నాడా, మరచినాడా. ఇంతమాత్రము వ్రాసిన చాలును. నేడు చేతిఫోనుతో చిత్రము తీసి చూపుట అంతకన్న మేలు. ఆసుపత్రికి పోవునప్పుడు రోగితో పాటు, చూచినవాడు తప్పక పోవలెను.

1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసినప్పుడు శాస్త్రవిషయములను తెలుగులో సామాన్యునికి అందింపవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు పూనుకొనిరి. గ్రామ గ్రంథాలయమునకు ఆ పని తీరలేదు. చదివి, వ్రాసి, చూచినది చూచినట్లు చెప్పగల మనుష్యుడు ఒక్కడు ఊరిలో నున్నచో, ఒక పిల్లకు సరియైన మందు దొరకును. తాళపుచెవుల గుత్తిని జేబులోనే యుంచి, గడియారము చేతబట్టువాడే ఈ వ్యాధిలో రోగికి నిజమైన తోడు.